రెండు అర్ధగోళాలు, ఒకే చూపు: మధ్యలో అతుకు ఎందుకు కనిపించదు?

రేవుగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మా మామగారికి మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ చాలావరకు కోలుకున్నాయి కానీ, ఎడమవైపు నుంచి ఎవరు వచ్చినా ఆయనకు తెలియడం లేదు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుంటోంది. ఎడమ కన్ను పోయిందని ఇంట్లో అందరమూ అనుకున్నాం. కంటి వైద్యురాలు పరీక్షించి, రెండు కళ్ళూ బాగానే ఉన్నాయనీ, రెండు కళ్ళ చూపులోనూ ఎడమ సగమే పోయిందనీ, లోపం మెదడు వెనుక భాగంలో కుడిపక్కన ఉందనీ చెప్పారు. ఇంటికి వచ్చాక ఆయన చేత ఒకసారి ఎడమ కన్ను, మరొకసారి కుడి కన్ను మూయించి చూశాను. ఆమె చెప్పినట్టే, ఏ కంటితో చూసినా ఎడమవైపు ఆడించిన నా వేళ్ళు ఆయనకు కనిపించలేదు.

అప్పటి నుంచి నన్నొక సందేహం వదలడం లేదు. మన ఎదుట ఉన్న ప్రపంచంలో ఎడమ సగాన్ని మెదడు కుడి అర్ధగోళమూ, కుడి సగాన్ని ఎడమ అర్ధగోళమూ చూస్తున్నాయంటే, ఆ సగాలు రెండూ ఎక్కడ కలుస్తున్నాయి? ఆరోగ్యంగా ఉన్న మనకు మధ్యలో అతుకు గీత ఎందుకు కనిపించదు?

నరాలబాట

రేవుగట్టు గారూ, వైద్య విద్యార్థులు కూడా మొదటి సంవత్సరంలో తడబడే చోటు ఇది. ముప్ఫై ఏళ్ళు అనాటమీ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక కొంచెం సాగదీస్తాను, మన్నించండి.

ఎడమ కన్ను కుడి మెదడుకూ, కుడి కన్ను ఎడమ మెదడుకూ చేరుతుందన్న మాట ఎంత ప్రచారంలో ఉన్నా తప్పే. కంటి వెనుక తెర, అంటే రెటీనా, నిలువునా రెండు సగాలుగా పని చేస్తుంది: ముక్కువైపు సగం, కణతవైపు సగం. కంటిలోని కటకం బొమ్మను తిరగేస్తుంది కనుక, మనకు ఎడమవైపున ఉన్న వస్తువు ఎడమ కంటిలో ముక్కువైపు సగం మీదా, కుడి కంటిలో కణతవైపు సగం మీదా పడుతుంది. కంటి నరాలు రెండూ మెదడు అడుగున కలుసుకునే కూడలిని కయాజ్మా అంటారు. అక్కడ ముక్కువైపు సగం నుంచి వచ్చిన తంతువులు అవతలి పక్కకు దాటుతాయి, కణతవైపు నుంచి వచ్చినవి దాటకుండా తమ పక్కనే సాగిపోతాయి. మనిషిలో దాటేవి సగం కంటే కొద్దిగా ఎక్కువ, సుమారు 53 శాతం. ఈ ఏర్పాటు వల్ల ఎడమవైపు వస్తువు గురించి రెండు కళ్ళూ చెప్పే కబురు కుడి అర్ధగోళానికే అందుతుంది. మీ మామగారి చూపు పోయిన తీరు సరిగ్గా ఇదే.

ఈ సంగతి మనుషులకు తట్టడానికి చాలా కాలం పట్టింది. రెండు కళ్ళ బొమ్మలు ఒకటి కావాలంటే మెదడులో జంటగా లేని భాగమేదో ఉండాలని వాదించి, 17వ శతాబ్దంలో దెకార్త్ పీనియల్ గ్రంథిని ఎంచుకున్నాడు. తంతువులలో సగమే దాటుతాయన్న ఊహను న్యూటన్ 1704లో అచ్చయిన తన కాంతి శాస్త్ర గ్రంథం చివరి ప్రశ్నలలో ఉంచాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం మాత్రం విలియం వోలస్టన్‌ది. పల్లాడియం, రోడియం మూలకాలను కనుగొన్న రసాయన శాస్త్రవేత్త ఆయనే. ఒకనాడు ఒక ఇంటి తలుపు మీద ‘జాన్సన్’ అన్న పేరు చదవబోతే ఆయనకు చివరి ‘సన్’ మాత్రమే కనిపించింది, మొదటి భాగం మాయమైపోయింది. ఏ కంటితో చూసినా అంతే. పావుగంటలో చూపు మామూలైంది. రెండు కళ్ళలోనూ ఒకే పక్క సగం ఒకేసారి పోవాలంటే నరాల తంతువులు సగమే దాటుతూ ఉండాలని ఆయన తర్కించి, 1824లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. 1828లో ఆయన మరణించాక పరీక్షిస్తే మెదడులో కణితి బయటపడింది.

అందుచేత ఇక్కడ కలపవలసినవి రెండు జతలు. ఒకే సగానికి సంబంధించి రెండు కళ్ళ నుంచి వచ్చిన రెండు బొమ్మలను కలపడం మొదటిది. అది ఒకే అర్ధగోళం లోపల జరిగిపోతుంది. దారిలో మెదడు నడిమి భాగమైన థాలమస్ దగ్గర ఉన్న ఆరు పొరల మజిలీలో కూడా రెండు కళ్ళ కబుర్లు వేర్వేరు పొరలలోనే ఉంటాయి: 1, 4, 6 పొరలు అవతలి కంటివి, 2, 3, 5 పొరలు ఇవతలి కంటివి. తల వెనుక భాగంలోని దృష్టి వల్కలం, అంటే చూపును చూసుకునే మెదడు పైపొర, చేరాక గాని, రెండు కళ్ళకూ కలిపి స్పందించే కణాలు కనిపించవు. వాటిని పిల్లులలో గుర్తించి వివరించినవారు హ్యూబెల్, వీసెల్. ఎడమ, కుడి సగాలను కలపడం రెండో జత. మీ ప్రశ్న దాని గురించి. ఆ భాగం నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడే ఉన్నారు.

మూడోకన్ను

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి, జీవశాస్త్రం తెలియదు. ఫోన్‌లో విశాల దృశ్యం తీసేటప్పుడు రెండు ఫోటోల అంచులను ఒకదాని మీద ఒకటి పరచి, కలిసిన భాగాన్ని సరిపోల్చి అతుకుతాము. మెదడు కూడా ఎక్కడో ఒక చోట పూర్తి చిత్రాన్ని పరచుకుంటుందని అనుకోవచ్చా? పరచుకుంటే, అది ఏ అర్ధగోళంలో?

చుక్కలముగ్గు

దృష్టి శాస్త్రంలో పరిశోధన విద్యార్థినిని. మూడోకన్ను గారి పోలిక సగం దూరం మనతో వస్తుంది, ఆ పైన రాదు. వచ్చేంతవరకు ముందు చెబుతాను.

రెండు అర్ధగోళాలను కలిపే ప్రధాన వంతెన కార్పస్ కెలోసం. అందులో సుమారు 20 కోట్ల నరాల తంతువులు ఉంటాయి. దృష్టికి సంబంధించినవి ముఖ్యంగా దాని వెనుక కొస నుంచి దాటుతాయి. ఆ కొసను స్ప్లీనియం అంటారు. ఆశ్చర్యం ఏమిటంటే, మొదటి దృష్టి వల్కలంలో చాలా భాగానికి ఈ వంతెనతో నేరుగా సంబంధమే లేదు. మొదటి, రెండో దృష్టి ప్రాంతాల సరిహద్దు వెంబడి ఉన్న సన్నని పట్టీలోనే తంతువులు ఒత్తుగా దిగుతాయి. ఆ సరిహద్దు మన దృశ్యంలో దేనికి ప్రతినిధి అంటే, సరిగ్గా ముక్కు సూటిగా పైనుంచి కిందికి గీసిన నిలువు మధ్యరేఖకు. ఇటలీకి చెందిన బెర్లూకి, రిజొలాటి 1968లో దీన్ని ముచ్చటగా నిరూపించారు. పిల్లులలో కయాజ్మాను నిలువునా కోస్తే ప్రతి కన్నూ తన పక్క అర్ధగోళానికి మాత్రమే కబురు పంపగలదు. అయినా ఆ సరిహద్దు దగ్గరి కణాలు కొన్ని అవతలి కంటికి కూడా స్పందించాయి. ఆ కబురు వంతెన మీదుగా తప్ప రాలేదు. ఆ కణాలు చూస్తున్న చోటు కూడా మధ్యరేఖ మీదనే ఉంది.

దర్జీ రెండు గుడ్డలను కలిపేటప్పుడు అంచుల దగ్గర కొంత గుడ్డ వదిలి, ఆ వదిలిన మేరకే కుట్టు వేస్తాడు కదా, ఇదీ అటువంటిదే. ఎడమవైపు దూరంగా ఉన్న కొబ్బరిచెట్టును, కుడివైపు దూరంగా ఉన్న బావిని ఈ దశలో కలపవలసిన అవసరమే లేదు. మధ్యరేఖను దాటి అటూ ఇటూ సాగే గీతలు, అంచులు, కదలికలు తెగిపోకుండా ఉంటే చాలు.

మూడోకన్ను

మరి మధ్యరేఖకు దూరంగా ఉన్నవి ఎప్పటికీ కలవవా?

చుక్కలముగ్గు

కలుస్తాయి, కానీ చిత్రంగా కాదు. వెనుక నుంచి ముందుకు, ఒక దృష్టి ప్రాంతం నుంచి మరొకదానికి పోయే కొద్దీ ఒక్కొక్క కణం గమనించే మేర పెద్దదవుతూ వస్తుంది. కణత కింది భాగంలో ముఖాలనూ వస్తువులనూ గుర్తించే ప్రాంతాలకు చేరేసరికి ఆ మేర మధ్యరేఖను దాటి రెండు వైపులకూ పరచుకుంటుంది. చార్లెస్ గ్రాస్ బృందం 1970ల్లో కోతులలో ఇది చూపింది. అర్ధగోళాలను కలిపే సంధులను, అంటే వంతెన వంటి తంతువుల కట్టలను, కోసివేసినప్పుడు అవతలి సగానికి ఆ కణాల స్పందన పోయింది. అక్కడి కణం ‘ఇది ముఖం’ అని పట్టుకుంటుందే గాని, ఆ ముఖం సరిగ్గా ఏ చోట ఉందన్న వివరాన్ని అంతగా పట్టించుకోదు.

అందుకే మీ పోలిక ఇక్కడితో ఆగుతుంది. అతికిన ఫోటోను తరువాత ఎవరో ఒకరు చూస్తారు. మెదడులో అతికిన బొమ్మను చూడడానికి కూర్చున్నవారు ఎవరూ లేరు కనుక పూర్తి బొమ్మను ఎక్కడా పరచవలసిన పని లేదు. రెండు సగాల పటాలూ చివరివరకూ రెండు చోట్లనే ఉంటాయి. వాటి గురించిన తీర్మానాలు మాత్రమే అటూ ఇటూ తిరుగుతాయి.

పలకాబలపం

పక్షవాతం వచ్చినవారికి మాట, చదువు తిరిగి నేర్పించే వృత్తి నాది. ఆ వంతెన తెగితే ఏమవుతుందో నేను పుస్తకంలో చదవడం కంటే ముందు మనిషిలో చూశాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా ఎదుట కూర్చుని, చక్కని దస్తూరీతో తన ఊరి పేరు, కూతురి పేరు, ‘క్షేమంగా ఉన్నాను’ అన్న వాక్యం రాశారు. కాగితం ఐదు నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ చేతికి ఇస్తే, తాను రాసిన ఒక్క అక్షరమూ చదవలేకపోయారు. ఆయన కళ్ళు బాగున్నాయి, మాట బాగుంది, రాత బాగుంది. చదవడం ఒక్కటే పోయింది.

ఫ్రెంచి వైద్యుడు దెజెరీన్ ఇటువంటి రోగి గురించి 1892లో వివరించాడు. ఎడమ అర్ధగోళంలో వెనుక దృష్టి భాగం, దానితోపాటు స్ప్లీనియం దెబ్బతింటే ఈ పరిస్థితి వస్తుంది. కుడివైపు దృశ్యం ఎటూ పోయింది. ఎడమవైపు దృశ్యం క్షేమంగా ఉన్న కుడి అర్ధగోళానికి చేరుతుంది కానీ, అక్షరాలను భాషగా మార్చే కేంద్రం చాలామందిలో ఎడమవైపు ఉంటుంది, అక్కడికి దాటే దారి తెగిపోయింది. అక్షరం కనిపిస్తుంది, అది ‘అ’ అని చెప్పవలసినవారికి కబురు అందదు. మా ఉపాధ్యాయుడు గారు నాలుగో వారంలో తనంతట తానే ఉపాయం కనిపెట్టారు: అక్షరం మీద చూపుడువేలితో దిద్దుతారు, చేతి కదలిక నుంచి అది ఏ అక్షరమో తెలుసుకుంటారు. ఒత్తులు, గుడులు ఉన్న చోట చాలా సమయం పట్టేది. కంటి దారి మూసుకుపోతే చేతి దారిన చేరుకున్నారన్నమాట.

నరాలబాట

పలకాబలపం గారు చెప్పిన ఉదాహరణ తరువాత, వంతెనను ఉద్దేశపూర్వకంగా కోసిన రోగుల కథ చెప్పకపోతే చర్చ కుంటుపడుతుంది.

తీవ్రమైన మూర్ఛ ఒక అర్ధగోళం నుంచి మరొకదానికి పాకకుండా కార్పస్ కెలోసం కోసే శస్త్రచికిత్సను 1940లో అమెరికాలో వాన్ వేగెనెన్ ప్రారంభించాడు. 1962లో కాలిఫోర్నియాలో బోగన్, వోగెల్ మళ్ళీ చేపట్టాక, ఆ రోగులను కాల్‌టెక్‌లో రోజర్ స్పెరీ, మైకెల్ గజానిగా పరీక్షించారు. అంతకు ముందే స్పెరీ, మైయర్స్ పిల్లులలో కయాజ్మానూ వంతెననూ కోసి, ఒక కంటితో నేర్చుకున్నది మరొక కంటికి తెలియదని చూపి ఉన్నారు.

పరీక్ష పద్ధతిలో ఒక మెలకువ ఉంది. రోగి తెర మధ్య చుక్కను చూస్తుండగా, ఒక పక్కన బొమ్మను సెకనులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు కాలం మాత్రమే మెరిపిస్తారు. కన్ను అటు తిరగడానికి పట్టే సమయం కంటే ఇది ఎక్కువ కాకూడదు. తిరిగితే రెండు అర్ధగోళాలకూ బొమ్మ అందిపోతుంది. ఆంగ్ల మాటలతో చేసిన ఆ పరీక్షను మన లిపిలో ఊహించండి. చుక్కకు ఎడమన ‘పాల’, కుడిన ‘పిట్ట’ వచ్చేలా ‘పాలపిట్ట’ అని మెరిపిస్తే, రోగి నోటితో ‘పిట్ట’ అంటాడు, ఎడమ చేతితో చూపమంటే పాలగ్లాసు బొమ్మ మీద వేలు పెట్టే అవకాశం ఉంది. మాట్లాడేది ఎడమ అర్ధగోళం, ఎడమ చేతిని నడిపేది కుడి అర్ధగోళం. మనబోటివాళ్ళం పాలపిట్టను పాలపిట్టగానే చదువుతున్నామంటే ఆ మాట మధ్యలో వంతెన పని చేసినట్టే.

1981లో స్పెరీకి సగం, హ్యూబెల్, వీసెల్‌లకు మిగిలిన సగం నోబెల్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో ఒకే సంవత్సరం ఒకే ప్రశ్నకు రెండు చివరల నుంచి సమాధానం చెప్పినవారు వీరు. ఈ పరిశోధన నుంచే ‘కుడి మెదడువారు కళాకారులు, ఎడమ మెదడువారు లెక్కలవారు’ అన్న పిచ్చి మాట పుట్టి, వ్యక్తిత్వ వికాస శిబిరాల దాకా పాకింది. దానికీ దీనికీ సంబంధం లేదు.

చుక్కలముగ్గు

నరాలబాట గారి వివరణకు ఒక చిన్న అభ్యంతరం చేర్చవలసి ఉంది. వంతెన తెగినవారిలో ఇద్దరు మనుషులు కూర్చున్నారన్న అర్థం వచ్చేలా ఈ కథ చెప్పడం అలవాటైపోయింది. యాయిర్ పింటో, సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వంతెన కోసిన రోగులు దృశ్యంలో ఏ పక్కన చుక్క మెరిసినా అది ఉందా లేదా, ఎక్కడ ఉంది అన్నది నోటితోనూ, ఏ చేతితోనైనా చెప్పగలిగారు. ఎడమన ఉన్న బొమ్మనూ కుడిన ఉన్న బొమ్మనూ పోల్చి అవి ఒకటేనా కాదా అంటే మాత్రం చెప్పలేకపోయారు. అంటే చూపు రెండుగా చీలింది, చూస్తున్న మనిషి చీలాడని అంత తేలికగా అనలేము. మెదడు కాండం పైభాగంలోని పాత దృష్టి కేంద్రాలు వంతెనతో నిమిత్తం లేకుండా ‘ఏదో ఉంది, అక్కడ ఉంది’ అన్నంత మేరకు కబురు మోస్తుండవచ్చు. నిపుణుల మధ్య ఈ వాదం ఇంకా తెగలేదు.

నరాలబాట

ఒప్పుకుంటాను. నేను చదువుకున్న రోజుల కథనే అప్పజెప్పాను. పుట్టుకతోనే కార్పస్ కెలోసం లేనివారిలో కూడా స్పెరీ రోగుల లక్షణాలు చాలావరకు కనిపించవు. పెరిగే మెదడు, ముందువైపున అర్ధగోళాలను కలిపే చిన్న సంధి వంటి ఇతర దారులను వాడుకుంటుంది. ఇంకొక మాట: స్పెరీ రోగులు సైతం ఇంట్లో, వీధిలో మామూలుగానే తిరిగేవారు. కళ్ళు సెకనుకు మూడు నాలుగు సార్లు గంతులు వేస్తూనే ఉంటాయి కనుక, ఇప్పుడు ఎడమన ఉన్నది మరుక్షణం కుడిన ఉంటుంది, రెండు అర్ధగోళాలకూ అన్నీ అందుతాయి. సగం కుట్టు వంతెన వేస్తే సగం కుట్టు కళ్ళే వేస్తున్నాయి.

తెల్లకాకి

ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పవచ్చు. నాకు పుట్టుకతో ఆల్బినిజం, అంటే ఒంట్లో రంగుపదార్థం లోపం, ఉంది. కయాజ్మా దగ్గర సగం దాటాలన్న నియమం మాబోటివారిలో తప్పుతుందని నా వైద్యులు చెప్పారు. రంగుపదార్థం లేకపోవడం వల్ల, దాటకూడని కణతవైపు తంతువులలో కూడా చాలా భాగం దాటిపోతాయి. సయామీ పిల్లులలోనూ ఇదే జరుగుతుంది. దాని ఫలితంగా రెండు కళ్ళ బొమ్మలు ఒకే కణం దగ్గర కలుసుకోవు. త్రిమితి సినిమా కళ్ళద్దాలు పెట్టుకుంటే మా అన్నయ్యకు తెరలోంచి బయటికి వచ్చే వస్తువు నాకు తెరమీదే ఉంటుంది. అయినా నాకు దృశ్యం మధ్యలో అతుకు ఎన్నడూ కనిపించలేదు, అందరికీ ఇలాగే ఉంటుందని పన్నెండేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను.

మూడోకన్ను

మీ అందరి మాటలూ కలిపి చూస్తే, అతుకు లేకపోవడం వేరు, అతుకు కనిపించకపోవడం వేరు అనిపిస్తోంది. ఏదైనా పరీక్షతో ఆ అతుకును బయటపెట్టగలమా?

చుక్కలముగ్గు

పెట్టగలం, మీరు కంప్యూటర్ మీద స్వయంగా చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. చదరానికి నాలుగు మూలలు ఊహించండి. ముందు ఎడమ పై మూలలోనూ కుడి కింది మూలలోనూ చుక్కలు వెలగాలి, తరువాత అవి ఆరి కుడి పై మూలలోనూ ఎడమ కింది మూలలోనూ వెలగాలి, ఇలా మారుతూ ఉండాలి. మధ్యలో చూపు నిలిపితే చుక్కలు పైకీ కిందికీ ఆడినట్టు అయినా, పక్కలకు ఆడినట్టు అయినా కనిపించవచ్చు. తెర మీద ఉన్నది రెండింటికీ సమానమే. అయినా ఎక్కువమందికి పైకీ కిందికీ ఆడినట్టే ఎక్కువసేపు కనిపిస్తుంది. నిలువు కదలిక ఒకే అర్ధగోళంలో ముగిసిపోతుంది, అడ్డ కదలికకు వంతెన దాటాలి. ఎర్హాన్ గెంచ్, సహచరులు 2011లో చూపినదేమిటంటే, ఈ మొగ్గు మనిషి మనిషికీ మారుతుంది, చలనాన్ని గుర్తించే ప్రాంతాలను కలిపే వంతెన తంతువుల నిర్మాణానికీ ఈ మొగ్గుకూ సంబంధం ఉంది. అదే మీ అతుకు.

వంతెన దాటే సుంకాన్ని కాలంలో కూడా కొలిచారు. 1912లో పాఫెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త, ఒక పక్క మెరుపు చూసి అదే పక్క చేతితో మీట నొక్కడానికీ, అవతలి చేతితో నొక్కడానికీ పట్టే సమయాలను పోల్చాడు. దాటవలసి వచ్చినప్పుడు అదనంగా పట్టేది సగటున కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే. అంత తక్కువ ఆలస్యాన్ని రోజువారీ చూపులో మనం పసిగట్టలేము. ఎంగెల్, వోల్ఫ్ సింగర్, వారి సహచరులు 1991లో పిల్లుల రెండు అర్ధగోళాలలోని దృష్టి కణాలు ఒకే తాళంలో స్పందించడాన్ని నమోదు చేశారు. వంతెన కోసిన పిల్లులలో ఆ తాళం కలవలేదు.

చివరిగా, మనం కలిసిపోయిందనుకునేది అంతా కలిసిపోలేదు. చూపు మధ్యలో నిలిపి, తెర మీద తిరిగే చుక్కలలో కొన్నింటిని శ్రద్ధతో వెంబడించమంటే, అన్నీ ఒకే సగంలో ఉన్నప్పటి కంటే రెండు సగాలకూ పంచినప్పుడు దాదాపు రెట్టింపు చుక్కలను వెంబడించగలమని ఆల్వరెజ్, కెవానా 2005లో చూపారు. శ్రద్ధ విషయంలో ఇప్పటికీ రెండు పొయ్యిల మీద రెండు వంటలే.

రేవుగట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. మామగారిని ఎడమవైపు నల్లగా ఉందా అని అడిగితే, నలుపు లేదు, అసలు అక్కడేమీ లేదు అంటున్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు.

పలకాబలపం

మీ తల వెనుక ఇప్పుడు నల్లగా ఉందా? లేదు కదా, అక్కడ చూపే లేదు. ఆయనకు ఎడమవైపు కూడా మీ తల వెనుకవంటిది అయింది.

ఒక సంగతి తేల్చుకోవడం అవసరం. చూపు పోవడం వేరు, ఆ పక్క ఒకటుందన్న ధ్యాసే పోవడం వేరు. మొదటిదానిలో మనిషికి లోపం తెలుసు, చెబితే తల తిప్పి వెతుకుతాడు. రెండోదానిలో కంచంలో ఎడమవైపు అన్నం వదిలేసి ఇంకా ఆకలి అంటాడు, గడ్డం ఒక పక్కే గీసుకుంటాడు. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, చికిత్సలు వేరు కనుక నరాల వైద్యులతో పరీక్ష చేయించండి. చూపు మాత్రమే పోయినట్లయితే, తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ఆయనకు వాక్యం ముందుకు సాగడంలో కంటే, కింది వరుస మొదలు పట్టుకోవడంలో ఎక్కువ ఇబ్బంది ఉంటుంది. పేజీ ఎడమ అంచున నిలువుగా ఒక ఎర్ర పట్టీ పెట్టి, అది కనిపించేదాకా చూపు జరపమని చెప్పండి.

రేవుగట్టు

నరాల వైద్యులు చూశారు. ధ్యాస బాగానే ఉందని, చూపే తగ్గిందని తేల్చారు. పది రోజులుగా మా ఆవిడ ఎర్ర రిబ్బను ముక్కను వార్తాపత్రిక ఎడమ అంచున గుండుసూదులతో పెడుతోంది. మొదట్లో ఆయనకు విసుగు వచ్చింది, ఇప్పుడు రిబ్బను లేకపోతే తానే అడుగుతున్నారు. వోలస్టన్ కథ చదివి వినిపించినప్పుడు ఆయన పెద్దగా నవ్వి, పక్షవాతం వచ్చిన మొదటి వారం పత్రికలో ‘మహేంద్రవరం’లో వరద అని చదివి, ఆ పేరుతో ఏ ఊరుందా అని రాత్రంతా ఆలోచించానని చెప్పారు. ‘రాజ’ రెండు రోజుల తరువాత తల కొంచెం ఎడమకు తిప్పినప్పుడు దొరికిందట.